పెద్ద బోవీ కత్తి కొనాలి: అడవి పనికీ, దాచుకోవడానికీ ఒకటే సరిపోతుందా?

పాకాల_బాట
అందరికీ నమస్తే. మాది నర్సంపేట వైపు. పొలం అంచున చిన్న షెడ్డు ఉంది, సెలవు దొరికితే దోస్తులం అక్కడే పడుకుంటాం. కట్టెల పొయ్యి, నాటుకోడి కూర, పొద్దుగూకినాక మంట. గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టాలి, ఎండు కట్టె చీల్చాలి, గుడారానికి మేకులు చెక్కాలి. ఈ పనులన్నీ చేసే ఒక పెద్ద కత్తి కోసం చూస్తున్నాను. మొన దగ్గర వీపు లోపలికి వంగి సన్నబడే బోవీ ఆకారం అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. పని లేనప్పుడు బయటికి తీసి చూసుకోవాలనిపించేదిగా ఉండాలి.

ఆన్‌లైన్‌లో ఒకటి నచ్చింది. బ్లేడు 10 అంగుళాలు, వీపు మందం 6 మి.మీ., పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఇత్తడి గార్డు, ఒళ్లంతా అలల్లాంటి డమాస్కస్ గీతలు, ఎముక పిడి, తోలు ఒర. ధర 3,800. మనసు లాగుతోంది. కొనమంటారా? ఇంత పెద్ద కత్తి ఇంట్లో పెట్టుకుంటే పోలీసులతో ఏమైనా టెన్షన్ ఉంటుందా? తెలిసినవాళ్లు జర చెప్పండి.

గుట్టల_తిరుగుడు
భూపాలపల్లి నుంచి. తమ్ముడూ, మీరు చెప్పిన పనులకు బోవీ అక్కర్లేదు. కొమ్మలు కొట్టడానికి చిన్న గొడ్డలి, ఉల్లిగడ్డకు, కోడికి నాలుగంగుళాల కత్తి, రెండూ కలిపినా వెయ్యి దాటదు. పాండవుల గుట్ట వైపు తిరిగేవాళ్లం ఎవ్వరం పెద్ద కత్తి మోయము. నడుముకు అరకిలో బరువు వేలాడుతుంటే రాళ్లు ఎక్కేటప్పుడు తొడకు కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇంకోటి, మీరు చెప్పిన ధరలో వచ్చే డమాస్కస్ రకం నా దగ్గర ఒకటి ఉండేది. చేతిలో పట్టుకుంటే రాజసంగా ఉండేది. ఎండిన తుమ్మ కట్టె మీద పెట్టి వెనక నుంచి కర్రతో కొడితే పిడి దగ్గర తెగి రెండు ముక్కలైంది. లోపల చూస్తే పిడిలోకి పోయిన తోక నా చిటికెన వేలంత కూడా లేదు. దానికి ఒక బోల్టు కడ్డీ వెల్డింగ్ చేసి మిగతాదంతా ఎమ్‌సీల్ లాంటి దానితో నింపారు. విరిగిన బ్లేడు ఎగిరి పక్కన పడింది కాబట్టి సరిపోయింది. అమ్మినవాళ్లు తిరిగి తీసుకోలేదు.

పాత_ఇనుము
హన్మకొండ. పాత కత్తులు, పనిముట్లు పోగుచేయడం నాకు చాలా ఏళ్ల పిచ్చి. పాకాల_బాట గారూ, కొనకముందే అడిగి మంచి పని చేశారు. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు బోవీ సంగతి. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నది ఇసుక తిన్నె మీద, నాచెజ్ ఊరికి ఎదురుగా, ఇద్దరి మధ్య పిస్తోళ్ల ద్వంద్వం జరిగింది. వాళ్లిద్దరికీ ఏమీ కాలేదు, కరచాలనం చేసుకున్నారు. వెంట వచ్చినవాళ్ల మధ్య మాత్రం పాత పగలు రాజుకున్నాయి. అందులో జిమ్ బోవీ ఒంట్లో తూటాలు దిగాయి, కత్తిపోట్లు పడ్డాయి. ఆ స్థితిలోనే తన పెద్ద కత్తితో నోరిస్ రైట్ అనే ప్రత్యర్థిని చంపాడు. పత్రికలు రాశాయి, ఊరూరా ‘బోవీ కత్తి లాంటిది కావాలి’ అని జనం కమ్మరుల దగ్గరికి పోయారు. 1836 మార్చి 6న అలామో కోటలో బోవీ చనిపోయాక ఆ పేరు ఇంకా పెరిగింది.

కలెక్షన్ మీద ప్రేమ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇక్కడుంది. ఆ కత్తిని చేయించింది తానేనని చెప్పిన రెజిన్ బోవీ, అంటే జిమ్ అన్నయ్య, 1838లో ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. దాని ప్రకారం బ్లేడు పొడవు తొమ్మిదింబావు అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర. ఒకవైపే పదును, వంపు లేదు. తాను వేటకు వాడుకోవడానికి చేయించుకున్న కత్తి అని చెప్పాడు. ఇవాళ మనం బోవీ అనగానే కళ్ల ముందు మెదిలే ఆకారం, అంటే మొన దగ్గర వీపు లోపలికి వంగి సన్నబడడం, చేతికి అడ్డంగా పెద్ద ఇత్తడి గార్డు, ఇదంతా తర్వాత పెరిగిన సొగసు. అందులో పెద్ద చేయి ఇంగ్లండులోని షెఫీల్డ్ వాళ్లది. జోసెఫ్ రాడ్జర్స్, జార్జ్ వోస్టెన్‌హోమ్ లాంటి కంపెనీలు అమెరికాకు ఓడల మీద బోవీలు పంపాయి. మంచి షెఫీల్డ్ కత్తుల పిడికి వాళ్లు ఏరికోరి వాడింది మన దేశపు కణుజు కొమ్ము.

ఇప్పుడు మీ 3,800 కత్తి. కొనవద్దు. నా కారణాలు మూడు. డమాస్కస్ గీతలు నిజంగా రెండు రకాల ఉక్కు కలిపి మడిచి కొట్టినవా, ఆసిడ్‌తో పైపైన గీసినవా ఫొటోలో తెలియదు. నిజంగా కలిపినా ఏ ఉక్కు అన్నది అమ్మేవాడు రాయడు. గుట్టల_తిరుగుడు చెప్పిన తోక సమస్య మూడోది, అన్నిటికన్నా ప్రమాదం.

పాకాల_బాట
పాత_ఇనుము గారూ, చాలా థాంక్స్ సార్. అయితే ఏ ఉక్కు అడగాలి? డీ2, 1095, 5160 అని రాస్తుంటారు, నాకు తల తిరుగుతోంది.

మెటలర్జీ_కాజీపేట
దీనికి నేను చెబుతాను, మెటలర్జీ చదువుతున్నాను.

5160లో కార్బన్ దాదాపు 0.6 శాతం, క్రోమియం 0.8 దగ్గర. బండ్ల కమాన్ పట్టీల కోసం పుట్టిన ఉక్కు. దెబ్బ తింటుంది, విరగదు. 1095లో కార్బన్ 0.95 శాతం దగ్గర ఉంటుంది. పదును బాగా వస్తుంది, తుప్పు కూడా అంతే బాగా వస్తుంది. డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం, క్రోమియం 12 దగ్గర. పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ లోపల గట్టి కార్బైడ్ గింజలు పెద్దవి, అంచుకు పక్కనుంచి దెబ్బ తగిలితే పెచ్చులు ఊడుతుంది. కట్టె కొట్టే పెద్ద కత్తికి డీ2 నా దృష్టిలో సరైన ఎంపిక కాదు, చిన్న కత్తికి బాగుంటుంది.

అన్నా, అసలు మాట ఇంకోటి. ఉక్కు పేరు కన్నా దాన్ని ఎలా కాల్చి చల్లార్చారన్నది ముఖ్యం. మంచి చేతిలో పడిన మామూలు 5160 ముందు చెడ్డ చేతిలో పడిన ఖరీదైన ఉక్కు నిలబడదు. పెద్ద కత్తికి గట్టిదనం రాక్‌వెల్ స్కేలు మీద 56 నుంచి 58 మధ్య ఉంటే చాలు. ‘62 ఉంది, 63 ఉంది’ అని గొప్పగా రాసే పెద్ద కత్తిని చూస్తే నేను పక్కకు తప్పుకుంటాను.

ఆదిలాబాద్_చలి
గుట్టల_తిరుగుడు అన్నతో నేను ఒప్పుకోను. గొడ్డలి మంచిదే, కాదనను. కానీ మా దగ్గర డిసెంబరులో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి కట్టెలన్నీ మంచుకు తడిసి ఉంటాయి. మంట అంటాలంటే కట్టెను చీల్చి లోపలి పొడి చెక్క తీయాలి, దాన్ని సన్నగా ఈకల్లా చెక్కాలి. ఈ రెండూ ఒకే పనిముట్టుతో, కూర్చున్న చోటే అవుతాయంటే అది తొమ్మిదంగుళాల కత్తి. మణికట్టంత కట్టె మీద అడ్డంగా బ్లేడు పెట్టి, బయటికి వచ్చిన మొన భాగం మీద ఇంకో కర్రతో కొడితే చీలుతుంది. బ్లేడు చిన్నదైతే మొన అంతగా బయటికి రాదు, కొట్టడానికి చోటు తక్కువ. ఇక్కడే పెద్ద బ్లేడు విలువ.

సర్కారు తుమ్మకు కూడా పొడుగు కత్తే మేలు. ముల్లు చేతికి దూరంగా ఉంటుంది.

గుట్టల_తిరుగుడు
పొడుగు కావాలంటే మన ఊళ్లలో కమ్మరి చేసే మచ్చుకత్తి లేదా? మూడు నాలుగు వందలకు వస్తుంది. తుమ్మ కొట్టడానికి దాన్ని మించింది ఏ దేశంలోనూ లేదు.

ఆదిలాబాద్_చలి
పచ్చి కొమ్మలకు నిజమే, మచ్చుకత్తిని మించింది లేదు. దాని ముందు భాగం బరువు, కొట్టడం మాత్రమే దానికి తెలుసు. మేకు చెక్కాలన్నా, కోడి కీలు దగ్గర మొన దింపాలన్నా కుదరదు. బోవీలో మొన సన్నగా ఉంటుంది, పొట్ట దగ్గర వంపు ఉంటుంది, పిడి దగ్గర అంచు నిటారుగా ఉంటుంది. మూడు పనులకు మూడు చోట్లు.

చట్టం_మాట
కరీంనగర్‌లో ప్రాక్టీసు చేస్తాను. పాకాల_బాట గారి రెండో ప్రశ్నను అందరూ దాటేశారు, అదే ముందు తేల్చుకోవాలి.

1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు ఉన్నాయి. వాటి మొదటి షెడ్యూలులో ఐదో కేటగిరీ తుపాకులు కాని ఆయుధాలది. కత్తులు, బాకులు, బల్లేలు, కృపాణాలు, కుక్రీలతో సహా 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్నవి అందులోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక పనులకు తయారైనవి మినహాయింపు. మీ అమ్మ కత్తిపీటకు, రైతు కొడవలికి, గౌడన్న గీత కత్తికి ఇబ్బంది లేనిది అందుకే.

చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతంలో ఇలాంటి ఆయుధం సంపాదించినా, దగ్గర పెట్టుకున్నా, వెంట తీసుకెళ్లినా లైసెన్సు కావాలి. బోవీ చరిత్ర పోట్లాటతో ముడిపడింది, గార్డు ఉంది, మొన ఉంది. 10 అంగుళాల బ్లేడు పట్టుకుని ‘వ్యవసాయ పనిముట్టు’ అని ఎస్సై ముందు వాదించే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? 9 అంగుళాల లోపు, 2 అంగుళాల వెడల్పు లోపు తీసుకోండి. నా సలహా ఎనిమిదిన్నర. టేపు ఎక్కడి నుంచి పెట్టి కొలుస్తారన్న గొడవ కూడా ఉండదు.

పొడవు లోపలే ఉన్నా నడుముకు కట్టుకుని వరంగల్ చౌరస్తాలో తిరగవద్దు. బైకు మీద పోయేటప్పుడు ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, బ్యాగు అడుగున. పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి ఫొటో పెట్టిన కుర్రాళ్ల మీద కేసులు అవుతూనే ఉన్నాయి. కత్తి పట్టుకుని రీల్స్ అసలే వద్దు.

పాకాల_బాట
సార్, పాకాల చెరువు దాటి అడవిలోకి నడక పోతుంటాం. అక్కడికి తీసుకుపోవచ్చా?

చట్టం_మాట
తీసుకుపోకూడదు. పాకాల అభయారణ్యం, ఏటూరునాగారం అభయారణ్యం, కవ్వాల్ టైగర్ రిజర్వ్, ఎక్కడైనా ఇదే మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదు. ఆ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఉచ్చులు, వలలు, విషంతో పాటు కత్తులు కూడా పేరుపెట్టి ఉన్నాయి. అక్కడ 9 అంగుళాల లెక్క కూడా లేదు. ఒర తీయకపోయినా, కూరగాయలు కోయడానికే అన్నా సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. పట్టా భూమిలోని మీ షెడ్డు దగ్గర వాడుకోండి, అడవికి పోయేటప్పుడు ఇంట్లో వదిలేసి పోండి.

ఇంకొకటి, పాత_ఇనుము గారు కణుజు కొమ్ము పిడి గురించి రాశారు. చరిత్రగా బాగుంది. ఇప్పుడు ఎవరైనా ‘అడవిలో రాలిన కొమ్ము ఉంది, పిడి వేయించుకో’ అంటే చేయి కూడా పెట్టవద్దు. అదే 1972 చట్టం.

పాత_ఇనుము
చట్టం_మాట గారు చెప్పిందానికి నా మద్దతు పూర్తిగా. పిడికి మన చెక్కలు ఏం తక్కువ? తునికి చేవ నల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది. జిట్రేగి గీతలు చూస్తే కన్ను తిప్పుకోలేరు. ఎముక పిడి మన వైపు మే నెల ఎండకు ఎండి, జూలై ముసురుకు ఉబ్బి, రెండేళ్లలో రివిట్ల దగ్గర నెర్రెలు విడుస్తుంది.

గమనించారా, చట్టం గీసిన గీత 9 అంగుళాలు. రెజిన్ బోవీ ఉత్తరంలో ఉన్న కత్తి తొమ్మిదింబావు. అంటే ఎనిమిదిన్నర, తొమ్మిదంగుళాల బోవీ చేయించుకుంటే అసలుదానికి మీరు దగ్గర్లోనే ఉన్నట్టు. వెడల్పు ఒకటిన్నర కూడా అలాగే కలిసొస్తుంది. 11, 12 అంగుళాల బోవీలు ఎక్కువగా చూపుకోసం. చేత్తో ఒక గంట కట్టె కొడితే మణికట్టే చెబుతుంది.

ఫ్యాక్టరీ కత్తుల్లో కొలబద్దలు కావాలంటే: అమెరికా మెరైన్లు 1942లో తీసుకున్న కా-బార్ కత్తి బ్లేడు 7 అంగుళాలు, బరువు సుమారు 310 గ్రాములు. బక్ 119 బ్లేడు 6 అంగుళాలు, ఇంకా తేలిక. కోల్డ్ స్టీల్ వాళ్ల ట్రెయిల్ మాస్టర్ తొమ్మిదిన్నర, బరువు అరకిలో దగ్గర. మూడూ బోవీ వంశమే. వీటిలో మొదటి రెండూ పొడవులో 9కి బాగా లోపలే ఉన్నాయి. కానీ బయటి దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ దగ్గర పార్సిల్ ఆగే ప్రమాదం ఉంది, కాబట్టి నేనైతే ఇక్కడే చేయిస్తాను.

పాకాల_బాట
ఇక్కడ ఎవరు చేస్తారు సార్? మా ఊరి కమ్మరి నాగలి కర్రు, గొడ్డలి చేస్తాడు. కత్తి అడిగితే కమాన్ పట్టీ తెచ్చుకో చేసిస్తా అన్నాడు.

కొలిమి_వెలుగు
జగిత్యాల. మాది కమ్మరి ఇల్లు. నాయన కొలిమి దగ్గరే పెరిగాను, ఇప్పుడు పనిముట్లతో పాటు ఆర్డరు మీద కత్తులు చేస్తున్నాను. ఇంతసేపు చదువుతున్నాను, మన పని గురించి ఎవరో ఒకరు అడుగుతారని.

కమాన్ పట్టీ మాట మీ కమ్మరి సరిగ్గానే చెప్పాడు. లారీల పట్టీలకు వాడేది స్ప్రింగ్ ఉక్కు. బోవీకి బాగా సరిపోతుంది. కానీ ఆటోనగర్‌లో తూకానికి దొరికే పాత పట్టీ వద్దు. ఏళ్ల తరబడి లారీ కింద వంగి లేచిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. కాల్చి నూనెలో ముంచగానే టిక్కుమని శబ్దం వస్తుంది, అంతే, పని మొత్తం పోయినట్టు. పట్టీలు తయారుచేసే షాపులో కొత్త ముక్క అడగండి. 8 మి.మీ. మందం దొరికితే కొట్టి 5కి తెస్తాం.

కాల్చడం దగ్గరే మంచి కత్తికీ చెడ్డ కత్తికీ తేడా వస్తుంది. మా తాతలు రంగు చూసి చెప్పేవాళ్లు, అందుకే కొలిమి నీడలో పెడతారు. ఎండలో ఎరుపు తెలియదు. నేను రంగుతో పాటు అయస్కాంతం వాడతాను. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానేశాక ఇంకొంచెం వేడి పెంచి, బ్లేడు పొడవునా ఒకే రంగు వచ్చేదాకా ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండాలి. మొన సన్నగా ఉంటుంది కాబట్టి అది తొందరగా కాలిపోతుంది, దాన్ని నిప్పులోంచి బయటికి లాగుతూ ఉండాలి. మొదటిసారే నూనెలో ముంచను. మూడుసార్లు కాల్చి గాలికి చల్లారబెడతాను, సమ్మెట దెబ్బలకు లోపల పట్టిన బిగువు పోవడానికి. తర్వాతే గోరువెచ్చటి నూనె. అందులో మొన కిందికి, నిటారుగా దించాలి. పక్కకు ఊపితే వంకర పోతుంది.

నీళ్లలో ముంచే కమ్మరులు ఉన్నారు. గొడ్డలికి నడుస్తుంది, అంచు వరకే ముంచుతారు కాబట్టి. ఇంత పొడుగు బ్లేడును ఈ ఉక్కుతో నీళ్లలో ముంచవద్దని ముందే చెప్పండి.

నూనెలోంచి తీసినాక ఆకురాయి అంచు మీద పెట్టి తోస్తే గాజు మీద జారినట్టు జారాలి. పట్టుకుని కొరికిందంటే ఉక్కు గట్టిపడలేదని అర్థం, మళ్లీ కాల్చాలి. జారితే వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారినాక ఇంకో రెండు గంటలు. పాలిష్ చేసిన చోట లేత గడ్డి రంగు వస్తుంది. ఆ రంగు చూసినప్పుడు నాకు కలిగే తృప్తి వేరే.

మెటలర్జీ_కాజీపేట
కొలిమి_వెలుగు అన్నా, మా క్లాసులో రెండు వారాలు చెప్పింది మీరు నాలుగు పేరాల్లో చెప్పారు. కొనేవాళ్లు కత్తి అందుకున్నాక ఇంట్లో చూసుకునే పరీక్ష ఏదైనా చెప్పండి.

కొలిమి_వెలుగు
ఇత్తడి కడ్డీ పరీక్ష చేయండి. పావు అంగుళం లావు ఇత్తడి కడ్డీని బల్ల మీద కదలకుండా బిగించి, వెలుతురు ఎదురుగా ఉండేలా కూర్చోవాలి. పదును పట్టిన అంచును సాన పట్టే కోణంలోనే కడ్డీ మీద పెట్టి, కొద్దిగా బలం ఇచ్చి అదమాలి. కడ్డీ తగిలిన చోట అంచు సన్నగా వంగడం కంటికి కనిపిస్తుంది. అలా అదుముతూనే పిడి నుంచి మొన దాకా నెమ్మదిగా లాగండి. కడ్డీ దాటగానే వంగిన చోటు నిటారుగా వెనక్కి రావాలి. వంగి అలాగే ఉండిపోతే కత్తి మెత్తన. పెచ్చు ఊడితే మరీ గట్టిది, ఓవెన్‌లో ఇంకాస్త వేడి పెట్టి గట్టిదనం తగ్గించాలి. మొన దగ్గర ఒకలా, నడుమ ఒకలా వస్తే కాల్చినవాడు రంగు సమానంగా తేలేదు.

అమెరికాలో 1976లో పెట్టిన బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఉంది. వాళ్ల పరీక్షలో ఒకే కత్తి వేలాడే అంగుళం లావు తాడును ఒక్క వేటుతో తెంచాలి, రెండు బై నాలుగు చెక్కను నరకాలి, తర్వాత కూడా చేతి వెంట్రుకలు గొరగాలి. చివరికి దాన్ని వైసులో బిగించి 90 డిగ్రీలు వంచుతారు, రెండు ముక్కలు కాకూడదు. నేను చేసే ప్రతి కొత్త రకం కత్తిలో ఒకదాన్ని అలా వంచి చూసుకున్నాకే రెండోది అమ్ముతాను.

నిర్మల్_చెక్క
బోవీ చర్చలోకి మన ఉక్కు సంగతి రాకపోతే ఎట్లా? డమాస్కస్ గీతలని మనం ఆన్‌లైన్ సరుకుకు 3,800 పెట్టబోతున్నాం. అసలు డమాస్కస్ కత్తులుగా పేరుపడిన వాటి ఉక్కులో ఒక భాగం మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచే పోయింది. హెన్రీ వోయ్సీ అనే సర్వే డాక్టరు 1820 దశకంలో ఆ ఊరికి వచ్చి మూసల్లో ఉక్కు చేయడం కళ్లారా చూసి రాశాడు. అది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పర్షియా నుంచి వ్యాపారులు ఆ ఉక్కు కొనడానికి అంత దూరం నుంచి వచ్చేవాళ్లు.

మెటలర్జీ_కాజీపేట
నిజం. 2010లో ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో సర్వే చేశారు. పాత ఇనుము కరిగించిన చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు ఎన్నో చోట్ల నమోదు చేశారు.

రెండింటికీ తేడా ఒకటి చెప్పాలి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్మేది రెండు ఉక్కులను, సాధారణంగా 1095, నికెల్ ఉన్న 15ఎన్20 లాంటివి, పొరలుగా వెల్డు చేసి ఆసిడ్‌లో ముంచింది. కోనసముద్రం ఉక్కు అట్లా కాదు. మూసలో ఇనుమును కార్బన్‌తో కలిపి మూసేసి కరిగించి, నెమ్మదిగా చల్లారనిస్తే ఒకే ముద్ద వస్తుంది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఆ ముద్దను తక్కువ వేడిలో ఓపికగా కొడితే లోపలి కార్బైడ్లు వరుసలు కట్టి నీళ్ల అలల్లాంటి గీతలు వాటంతట అవే తేలతాయి. పొరలు వేయడం ఉండదు.

పాత_ఇనుము
ఈ ముక్క చదివి మనసు నిండింది. కలెక్షన్ అంటే ఖరీదైన పెట్టెలో వస్తువు పెట్టి తాళం వేయడం కాదని నేను నమ్ముతాను. కోనసముద్రం ఉన్న నేల మీద, జగిత్యాల కొలిమిలో, తునికి పిడితో ఒక బోవీ తయారైతే దాని పక్కన ఆన్‌లైన్ డమాస్కస్ ఏం నిలుస్తుంది? చేసినవాడి గుర్తు బ్లేడు మీద కొట్టించుకోండి. ఏ ఉక్కు, ఎన్ని డిగ్రీలు, ఏ నెల అన్నది కాగితం మీద రాయించి దాచండి. ముందు ముందు అది కొనేవాడికి బ్లేడు ఎంత ముఖ్యమో ఆ కాగితం అంతే ముఖ్యం.

దాచే పద్ధతి కూడా చెప్పేస్తాను. తోలు ఒరలో పెట్టి బీరువాలో వదిలేయవద్దు. మన ముసురు రోజుల్లో తోలు తేమను పీల్చి బ్లేడుకే అంటిస్తుంది, ఇత్తడి గార్డు మీద పచ్చ చిలుము పడుతుంది. ఒర వేరు, కత్తి వేరు. వాడినాక తుమ్మ జిగురు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కుట్టు మిషన్ నూనె పల్చగా పట్టించండి. కొబ్బరినూనె రాసి నెలల తరబడి వదిలేస్తే జిగట పడుతుంది. కత్తితో వంట చేస్తే మాత్రం నూనె కడిగాకే. కార్బన్ ఉక్కు మీద నిమ్మకాయ, మామిడికాయ కోస్తే నల్లటి మచ్చలు వస్తాయి. అవి తుప్పు కాదు, గాబరాపడి ఇసుక కాగితంతో రుద్దవద్దు.

ఆదిలాబాద్_చలి
సాన గురించి ఒక మాట. పెద్ద కత్తికి ఒక్కో పక్క 20 డిగ్రీల దగ్గర పెట్టండి. వంటింటి కత్తిలా 15కి దింపితే తుమ్మ ముడి తగలగానే అంచు మడత పడుతుంది. కోణం కుదురుతుందో లేదో తెలియకపోతే అంచు మీద స్కెచ్ పెన్ను పూసి రాయి మీద రెండుసార్లు లాగి చూడండి. సిరా ఎక్కడ పోయిందో రాయి అక్కడే తగులుతోంది.

గుట్టల_తిరుగుడు
సరే, ఒప్పుకుంటున్నాను, ఇట్లా చేయిస్తే నాకూ ఒకటి కావాలనిపిస్తోంది. కానీ పాకాల_బాట తమ్ముడూ, చిన్న కత్తి మాత్రం వెంట ఉంచుకో. ఎనిమిదంగుళాల బ్లేడుతో ఎల్లిపాయ పొట్టు తీయలేం.

పాకాల_బాట
తప్పకుండా అన్నా. అందరికీ థాంక్స్. ఆ ఆన్‌లైన్ కత్తి కార్ట్‌లోంచి తీసేశాను. కొలిమి_వెలుగు అన్నా, నాకు ఒకటి చేసి పెట్టండి. బ్లేడు ఎనిమిదిన్నర, వెడల్పు ఒకటిన్నర, పిడి దగ్గర వీపు 5 మి.మీ. క్లిప్ పాయింట్, అంటే మొన దగ్గర వీపు లోపలికి వంగింది, కావాలి, గార్డు చిన్నది చాలు. తునికి పిడి. చేవ ముక్క నేను తేవచ్చా?

కొలిమి_వెలుగు
మీ పాత ఇంటి దూలమో, తలుపు చెక్కో ఉంటే తేండి, తునికి అయినా జిట్రేగి అయినా సరే. అడవిలోంచి కొట్టుకురావద్దు. బాగా ఎండిన చెక్క కావాలి, కనీసం రెండేళ్లు నీడలో ఉన్నది. పచ్చిదైతే రివిట్లు వదులవుతాయి.

తోక పిడి చివరి దాకా బ్లేడంత వెడల్పుతో పోతుంది. రెండు పక్కలా చెక్క వేసి మూడు రివిట్లు కొడతాను. పిడి కట్టకముందే తోక ఫొటో మీకు పంపుతాను, లోపల ఏముందో మీ కళ్లతో చూసుకోండి.

పాత_ఇనుము
కొలిమి_వెలుగు గారూ, గార్డు ముందు అర అంగుళం పదును లేకుండా వదలండి. సాన పట్టేటప్పుడు రాయి గార్డును గీరదు, చూపుడు వేలు ముందుకు పెట్టి సన్న పని చేసుకోవచ్చు. చట్టం_మాట గారూ, ఆ అర అంగుళం కూడా 9 లెక్కలోకి వస్తుందా?

చట్టం_మాట
వస్తుందనే అనుకుని చేయించండి. గార్డు నుంచి మొన దాకా టేపు పెడితే ఎనిమిదిన్నరే ఉండాలి.

కొలిమి_వెలుగు
అట్లనే. పదును ఎనిమిది, మొత్తం ఎనిమిదిన్నర. పాకాల_బాట గారూ, మీ అరచేయి వెడల్పు కాగితం మీద గీసి ఫొటో పంపండి, పిడి పొడవు దాన్ని బట్టి కోస్తాను.